మందు ఏ బరువుకు లెక్క కట్టాలి? ఐడియల్, అడ్జస్టెడ్ వెయిట్‌పై నర్సులకు సమగ్ర మార్గదర్శి

కేస్ షీట్‌లో డాక్టర్ "జెంటామైసిన్, కిలోకు 5 మి.గ్రా., రోజుకు ఒకసారి" అని రాశారు. పేషెంట్ బరువు 92 కిలోలు. 92ని ఐదుతో గుణిస్తే 460. ఆ గుణకారం ఎవరైనా చేస్తారు. అసలు 92 వేయాలా వద్దా అన్నదే ప్రశ్న. జెంటామైసిన్ ఎక్కువగా ఒంట్లోని నీటిలో తిరిగే మందు. కొవ్వులోకి అంతగా పోదు. లావుగా ఉన్న మనిషికి మొత్తం బరువు లెక్కన ఇస్తే రక్తంలో మందు పెరిగిపోయి కిడ్నీల మీద, చెవుల మీద పడుతుంది. పోనీ అని ఎత్తును బట్టి కట్టే ఐడియల్ వెయిట్ లెక్కన ఇస్తే మోతాదు చాలక ఇన్ఫెక్షన్ లొంగకపోవచ్చు. ఈ రెండింటి మధ్య పట్టే అంకె అడ్జస్టెడ్ వెయిట్.

ఫార్ములాలు రెండు లైన్లలో అయిపోతాయి, ఒక పూటలో కంఠస్థం వస్తాయి. వార్డులో తప్పు పోయేది ఫార్ములా దగ్గర కాదు. ఎత్తు సరిగ్గా కొలవక, ఏ మందుకు ఏ బరువో తెలియక తప్పు పోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పనిచేసే వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడ ఒకే వార్డులో ఫ్లోరోసిస్‌తో నడుము వంగిన పెద్దాయన, బొంబాయి వలస నుంచి టీబీతో తిరిగొచ్చిన బక్క కూలీ, ఐదడుగులు కూడా లేని షుగర్ పేషెంట్ పక్కపక్క మంచాల మీదే ఉంటారు. ముగ్గురికీ పుస్తకంలో ఉన్న ఉదాహరణ సరిపోదు. అందుకే ఇందులో ఫార్ములాకు తక్కువ, ఎత్తుకు ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందు మూడు బరువులు

యాక్చువల్ వెయిట్ అంటే మిషన్ మీద నిలబెడితే వచ్చేది. ఐడియల్ వెయిట్ అంటే ఆ ఎత్తు మనిషికి ఇంత ఉండొచ్చని ఎత్తును బట్టి లెక్క కట్టేది. దీనికి మిషన్‌తో పని లేదు. అడ్జస్టెడ్ వెయిట్ అంటే ఐడియల్ వెయిట్‌కు, అదనంగా ఉన్న బరువులో కొంత భాగం కలిపితే వచ్చేది.

ఐడియల్ వెయిట్‌కు ఎక్కువగా వాడేది డివైన్ ఫార్ములా. 1974లో జెంటామైసిన్ మోతాదుల గురించి రాసిన వ్యాసంలో డివైన్ దీన్ని ఇచ్చారు. అంటే ఇది పుట్టిందే మందు లెక్క కోసం. పేషెంట్ ఇంత బరువుకు తగ్గాలని చెప్పడానికి కాదు. కాబట్టి ఈ అంకెను పేషెంట్‌కు డైట్ టార్గెట్‌గా చెప్పి టెన్షన్ పెట్టొద్దు.

మొదటి అడుగు: ఎత్తు

ఎత్తు కాలమ్‌లో ఏమీ లేకపోవడం, లేదా అటెండెంట్ చెప్పింది రాసేయడం మామూలే. "మా ఆయన ఐదున్నర ఉంటడు సిస్టరమ్మా" అని భార్య చెబుతుంది. ఐదున్నర అంటే 5 అడుగుల 6 అంగుళాలు, 66 అంగుళాలు. దాన్ని నైట్ డ్యూటీ సిస్టర్ 5.6 అని రాస్తుంది. పొద్దున వచ్చిన స్టూడెంట్ కాలిక్యులేటర్‌లో 5.6ను 12తో గుణిస్తుంది. 67.2 అంగుళాలు వస్తుంది. తేడా ఒక అంగుళమే కదా అనుకోవచ్చు. అదే 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని రాస్తే కాలిక్యులేటర్‌కు అది 5.1. అప్పుడు 70 అంగుళాల మనిషి 61.2 అంగుళాలకు దిగిపోతాడు. ఐడియల్ వెయిట్‌లో 20 కిలోలు గల్లంతు. అందుకే ఎత్తు ఎప్పుడూ సెంటీమీటర్లలోనే రాయండి. అడుగుల్లోనే చెబితే అడుగులు, అంగుళాలు అని విడిగా రాయండి, మధ్యలో చుక్క పెట్టొద్దు.

నిలబడగలిగిన పేషెంట్‌ను చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి కొలవండి. కొప్పు ఉంటే విప్పించాలి. కొప్పు మీద పలక ఆనితే మూడు నాలుగు సెంటీమీటర్లు ఊరికే పెరుగుతాయి. మంచం మీదున్న పేషెంట్‌ను చదునుగా పడుకోబెట్టి, తల పైన, పాదం కింద బెడ్‌షీట్ మీద పెన్నుతో గీతలు పెట్టి, మధ్య దూరాన్ని టేపుతో కొలవొచ్చు. టేపును ఒంటి మీదుగా వేస్తే పొట్ట ఎత్తు కూడా కలిసిపోతుంది.

ఇంకో చిట్కా. పోలీసు సెలక్షన్‌కో, ఆర్మీ ర్యాలీకో పోయి వచ్చిన వాళ్లకు తమ ఎత్తు పాయింట్లతో సహా గుర్తుంటుంది. పేషెంట్ స్పృహలో లేకపోతే ఇంట్లో వాళ్లను ఆ మాట అడిగి చూడండి.

నడుము వంగిన పేషెంట్ అయితే

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లను చూస్తూనే ఉంటాం. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చినా, అంతకుముందు బోరు నీళ్లతో వంగిపోయిన వెన్ను తిరిగి నిలబడదు. ఇలాంటి మనిషిని గోడకు ఆనించి కొలిస్తే వచ్చేది ఆయన ఎత్తు కాదు, ఆయన వంగిన తీరు.

అప్పుడు డెమీ స్పాన్ తీయాలి. చేతిని పక్కకు భుజం ఎత్తులో చాపించి, గొంతు కింద గుంట మధ్య నుంచి మధ్య వేలికీ ఉంగరపు వేలికీ నడుమ ఉండే సందు వరకు కొలవాలి. మోచెయ్యి, మణికట్టు వంగకూడదు. ఆ కొలత సెంటీమీటర్లలో తీసుకుని ఇలా లెక్క కట్టండి:

మగవాళ్ల ఎత్తు = 1.40 × డెమీ స్పాన్ + 57.8
ఆడవాళ్ల ఎత్తు = 1.35 × డెమీ స్పాన్ + 60.1

60 ఏళ్ల మగ పేషెంట్ అనుకుందాం. గోడ దగ్గర కొలిస్తే 148 సెం.మీ., డెమీ స్పాన్ 77 సెం.మీ. ఎత్తు = 1.40 × 77 + 57.8 = 165.6 సెం.మీ. కింద ఇచ్చిన ఫార్ములాలో 148 వేస్తే ఐడియల్ వెయిట్ 46 కిలోలు, 165.6 వేస్తే 62 కిలోలు. ఒకే మనిషికి 16 కిలోల తేడా! వెంటిలేటర్ మీద ఒక్కో శ్వాసకు పంపే గాలి (టైడల్ వాల్యూమ్) కిలోకు 6 మి.లీ. చొప్పున చూస్తే ఒక లెక్కకు 276 మి.లీ., ఇంకో లెక్కకు 372 మి.లీ.

ఫ్లోరోసిస్‌లో మోచెయ్యి కూడా బిగుసుకుపోయి ఉండొచ్చు. రెండు చేతుల్లో ఏది నేరుగా చాపగలిగితే దాన్ని తీసుకోండి. రెండూ చాపలేకపోతే మోకాలి ఎత్తు చూడాలి. మోకాలిని, చీలమండను 90 డిగ్రీలకు వంచి, మడమ అడుగు నుంచి మోకాలు పైన తొడ ముందు భాగం వరకు కొలత. 60 దాటిన వాళ్లకు వాడే లెక్క ఇది:

మగవాళ్లు = 64.19 − (0.04 × వయసు) + (2.02 × మోకాలి ఎత్తు)
ఆడవాళ్లు = 84.88 − (0.24 × వయసు) + (1.83 × మోకాలి ఎత్తు)

ఏళ్ల తరబడి వంగి ఉన్న ఛాతీలో ఊపిరితిత్తులకు చోటు కూడా తగ్గి ఉంటుంది. కాబట్టి డెమీ స్పాన్ ఎత్తు దొరికింది కదా అని మీరే వెంటిలేటర్ సెట్టింగ్ మార్చేయకూడదు. రెండు ఎత్తులూ, ఏది ఎలా తీశారో చార్ట్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి. వెన్ను వంగిన పేషెంట్‌కు ఒక్క ఎత్తే రాసి ఊరుకోవడం నాకైతే సగం పనిలా అనిపిస్తుంది.

రెండో అడుగు: బరువు

"మొన్న మిల్లు కాంటా మీద నిలబడితే ఎనభై ఉన్నడు" అనే జవాబు మిర్యాలగూడ వైపు కొత్తేమీ కాదు. అది కాంటా తప్పనీ, మనిషి తప్పనీ కాదు. ఆ మొన్న అనేది పోయిన సంక్రాంతి కావచ్చు. వీలైతే మీరే తూచండి. మిషన్ సున్నా మీద ఉందో లేదో చూసి, చెప్పులు, మొలకు కట్టిన తాళంచెవుల గుత్తి, నడుముకు కట్టుకున్న డబ్బు సంచి తీయించాలి. మంచం మీద తూచే బెడ్ అయితే దుప్పట్లు, యూరిన్ బ్యాగు బరువు కలవకుండా చూడాలి. తూచింది, చెప్పింది, అంచనా వేసింది అనే మూడింటిలో ఏదో అంకె పక్కన రాయాలి.

కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి ఉంటే మిషన్ చూపే బరువులో ఆ నీరు కూడా ఉంటుంది. డయాలసిస్ పేషెంట్‌కు డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు) ఎంతని యూనిట్‌లో అడగండి. షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేసిన వాళ్లకు, కాలు ఉన్నప్పటి ఎత్తుతో ఐడియల్ వెయిట్ కట్టి, అందులో సుమారు 6 శాతం తగ్గించాలి. గర్భిణులకు, పిల్లలకు ఈ ఫార్ములాలు వద్దు. వాళ్ల లెక్కలు వేరు.

మూడో అడుగు: ఐడియల్ వెయిట్

మగవాళ్లు: 50 + 2.3 × (అంగుళాల్లో ఎత్తు − 60)
ఆడవాళ్లు: 45.5 + 2.3 × (అంగుళాల్లో ఎత్తు − 60)

60 అంగుళాలంటే 5 అడుగులు, 152.4 సెం.మీ. అంగుళానికి 2.54 సెం.మీ. కాబట్టి సెంటీమీటర్లతో నేరుగా కూడా చేయొచ్చు:

మగవాళ్లు: 50 + 0.91 × (సెం.మీ. ఎత్తు − 152.4)
ఆడవాళ్లు: 45.5 + 0.91 × (సెం.మీ. ఎత్తు − 152.4)

రెండూ ఒకటే లెక్క, దశాంశాల దగ్గర మాత్రం కొద్దిగా తేడా వస్తుంది. ఐసీయూలో వెంటిలేటర్ కోసం వాడేది రెండోది. దాన్ని ప్రిడిక్టెడ్ వెయిట్ అంటారు.

మొదట్లో చెప్పిన 92 కిలోల పేషెంట్ ఎత్తు 170 సెం.మీ. అనుకుందాం. 170 ÷ 2.54 = 66.93 అంగుళాలు. 60 తీసేస్తే 6.93. దాన్ని 2.3తో గుణిస్తే 15.94. 50 కలిపితే 65.94, అంటే 65.9 కిలోలు. మధ్యలో 66.93ను 67 చేయొద్దు. రౌండింగ్ చివర్లో ఒక్కసారే.

జేబులో ఒక చీటీ మీద ఇవి రాసి పెట్టుకుంటే కాలిక్యులేటర్ చెప్పింది నిజమో కాదో వెంటనే తెలుస్తుంది. ఆడవాళ్లకు 150 సెం.మీ. దగ్గర 43.3, 155 దగ్గర 47.9, 160 దగ్గర 52.4, 165 దగ్గర 57 కిలోలు. మగవాళ్లకు అదే ఎత్తులో నాలుగున్నర కిలోలు ఎక్కువ. ప్రతి 5 సెం.మీ.కు నాలుగున్నర కిలోలు పెరుగుతుంది.

ఎత్తులోంచి 100 తీసేస్తే బరువు వస్తుందని మనం కమ్యూనిటీ హెల్త్‌లో చదువుకున్నది బ్రోకా లెక్క. 160 సెం.మీ. స్త్రీకి అది 60 అంటుంది, డివైన్ 52.4 అంటుంది. మందు మోతాదుకు బ్రోకా వాడొద్దు. డాక్టర్, ఫార్మసీ, నర్సు ముగ్గురూ ఒకే ఫార్ములా మీద ఉండాలి. ఆసుపత్రి ప్రోటోకాల్‌లో రాబిన్సన్ అనో మిల్లర్ అనో వేరే ఫార్ములా ఉంటే దాన్నే వాడండి.

ఐదడుగుల లోపు ఉంటే

మన దగ్గర ఇది అరుదు కాదు. వార్డులో ఆడవాళ్లలో చాలామంది ఐదడుగులకు అటూ ఇటూనే ఉంటారు. డివైన్ ఫార్ములా 5 అడుగుల పైన ఉన్నవాళ్ల కోసం ఇచ్చింది. కింద ఉన్నవాళ్లకు ఏం చేయాలో అందులో లేదు. వాడుకలో ఉన్న పద్ధతి, తగ్గిన ప్రతి అంగుళానికి 2.3 కిలోలు తీసేయడం. సెంటీమీటర్ల ఫార్ములాలో ఇది దానంతటదే జరిగిపోతుంది. బ్రాకెట్‌లో మైనస్ వస్తుంది, అంతే. ఆ మైనస్‌ను చూసి భయపడి ప్లస్ చేసేవాళ్లున్నారు, అక్కడ జాగ్రత్త.

147 సెం.మీ. స్త్రీ: 147 − 152.4 = −5.4. దాన్ని 0.91తో గుణిస్తే −4.9. 45.5 − 4.9 = 40.6 కిలోలు. ఈమె వెంటిలేటర్ మీద ఉంటే కిలోకు 6 మి.లీ. చొప్పున 244 మి.లీ. మిషన్‌లో అంతకుముందు పేషెంట్‌కు పెట్టిన 450 అలాగే ఉండిపోతే కిలోకు 11 మి.లీ. పోతున్నట్టు. దెబ్బతిన్న ఊపిరితిత్తులకు కిలోకు 12 కంటే 6 మి.లీ. మేలని 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే స్థితి) ట్రయల్ తేల్చింది. ఎక్కువ గాలి వల్ల ముందుగా నష్టపోయేది పొట్టిగా ఉన్న ఆడవాళ్లే. షిఫ్ట్ తీసుకునేటప్పుడు ఈమె ఎత్తు, టైడల్ వాల్యూమ్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

నాలుగో అడుగు: పోల్చి చూడటం, తర్వాత అడ్జస్టెడ్ వెయిట్

యాక్చువల్ వెయిట్‌ను ఐడియల్ వెయిట్‌తో భాగించి 100తో గుణించండి. 120 శాతం దాటితే అడ్జస్టెడ్ వెయిట్ లెక్క కట్టాలి. కొన్ని చోట్ల 130 అని పెట్టుకుంటారు, మీ ప్రోటోకాల్ చూసుకోండి.

అడ్జస్టెడ్ వెయిట్ = ఐడియల్ + 0.4 × (యాక్చువల్ − ఐడియల్)

ఈ 0.4 ఎక్కడిదంటే, అదనపు బరువు అంతా కొవ్వే అయినా కొవ్వు కణజాలంలోనూ కొంత నీరు, రక్తం ఉంటాయి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి ఆ మేరకు అందులోకీ పోతాయి. ఆ వాటాను సుమారు 40 శాతంగా తీసుకున్నారు. న్యూట్రిషన్ లెక్కల్లో 0.25 వాడే డైటీషియన్లూ ఉన్నారు. మందుకు మాత్రం 0.4.

మన పేషెంట్: 92 ÷ 65.9 × 100 = 139.6 శాతం. అంటే అడ్జస్టెడ్ కావాలి. అదనపు బరువు 92 − 65.9 = 26.1. అందులో 0.4 వంతు 10.4. మొత్తం 76.3 కిలోలు. ఇప్పుడు డోసు 76.3 × 5 = 381.5, డాక్టర్ 380 మి.గ్రా. అనొచ్చు. 2 మి.లీ.లో 80 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ అయితే 9.5 మి.లీ. యాక్చువల్ వెయిట్‌కు కట్టి ఉంటే 11.5 మి.లీ. లోడ్ చేసేవాళ్లం. ఒక పూర్తి ఆంప్యూల్ ఎక్కువ.

జవాబు సరైందో కాదో చూసుకోవడానికి: అడ్జస్టెడ్ వెయిట్ ఎప్పుడూ ఐడియల్‌కూ యాక్చువల్‌కూ మధ్యలోనే ఉంటుంది, ఐడియల్‌కు కాస్త దగ్గరగా. బయటకు పోయిందంటే బ్రాకెట్ పెట్టడం మరిచారు, లేదా ఐడియల్ కలపడం మరిచారు.

బక్క పేషెంట్‌కు ఈ ఫార్ములా ముట్టొద్దు

పాలమూరు వైపు నుంచి వలస పోయి టీబీతో తిరిగొచ్చిన పేషెంట్. ఎత్తు 172 సెం.మీ., బరువు 43 కిలోలు. ఐడియల్ వెయిట్ 67.7 వస్తుంది. ఇక్కడ అలవాటుగా అడ్జస్టెడ్ ఫార్ములాలో వేస్తే 57.8 కిలోలు వస్తుంది. ఒంట్లో లేని 15 కిలోలకు మందు ఇచ్చినట్టు. జెంటామైసిన్ అయితే 215 మి.గ్రా. పోవాల్సిన చోట 289. యాక్చువల్ వెయిట్ ఐడియల్ కంటే తక్కువైతే యాక్చువల్ వెయిటే వాడాలి. టీబీ మాత్రలు కూడా మిషన్ చూపిన బరువును బట్టే ఇస్తారు. మందులు పనిచేసి బరువు పెరుగుతుంటే మాత్రల సంఖ్య కూడా మారొచ్చు, అందుకే వచ్చినప్పుడల్లా తూస్తారు.

ఇదే పేషెంట్‌కు జ్వరానికి పారాసిటమాల్ ఐవీ బాటిల్ పెట్టాలన్నారనుకోండి. 100 మి.లీ. బాటిల్‌లో 1 గ్రాము ఉంటుంది. మొత్తం ఎక్కించేయడం అలవాటు. కానీ 50 కిలోల లోపు పెద్దవాళ్లకు కిలోకు 15 మి.గ్రా. 43 × 15 = 645 మి.గ్రా., అంటే 64.5 మి.లీ. మిగతాది బాటిల్‌లోనే ఉండాలి.

మెలిక ఒకటుంది. ఇతనే వెంటిలేటర్ మీదకు పోతే టైడల్ వాల్యూమ్ మాత్రం ఎత్తు ప్రకారమే: 67.7 × 6 = 406 మి.లీ. మనిషి చిక్కినా, లావెక్కినా ఊపిరితిత్తుల సైజు మారదు.

ఏ మందుకు ఏ బరువు

అడ్జస్టెడ్ వెయిట్ నేర్చుకున్న ఉత్సాహంలో లావుగా ఉన్న ప్రతి పేషెంట్‌కూ, ప్రతి మందుకూ దాన్నే వాడేస్తుంటారు. అది కూడా తప్పే. హెపారిన్, ఎనాక్సాపారిన్ చికిత్స డోసులు సాధారణంగా యాక్చువల్ వెయిట్‌కు కడతారు. వాంకోమైసిన్ లోడింగ్ డోసు (మొదట ఇచ్చే పెద్ద డోసు) కూడా యాక్చువల్‌కే, పై పరిమితి మించకుండా. మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్‌కు యాక్చువల్, రోకురోనియంకు ఐడియల్. జెంటామైసిన్, అమికాసిన్, టోబ్రామైసిన్‌లకు లావుగా ఉంటే అడ్జస్టెడ్. వెంటిలేటర్‌కు ఎప్పుడైనా ఎత్తు ప్రకారం వచ్చే ప్రిడిక్టెడ్ వెయిట్ ఒక్కటే. ఇక్కడ చెప్పని మందైతే ఊహించొద్దు. ఫార్మసిస్ట్‌నో డాక్టర్‌నో అడగండి.

క్రియాటినిన్ క్లియరెన్స్ అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంకె. దాని దగ్గర ఈ తేడా బాగా కనిపిస్తుంది. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఇది: (140 − వయసు) × బరువు ÷ (72 × సీరం క్రియాటినిన్). ఆడవాళ్లకు దీన్ని మళ్లీ 0.85తో గుణించాలి.

58 ఏళ్ల స్త్రీ, 155 సెం.మీ., 78 కిలోలు, క్రియాటినిన్ 1.2. ఐడియల్ 47.9. యాక్చువల్ దానికి 163 శాతం. అడ్జస్టెడ్ = 47.9 + 0.4 × 30.1 = 59.9. ఇప్పుడు ఒకే మనిషికి మూడు బరువులతో చేసి చూడండి. 78 వేస్తే 63, 47.9 వేస్తే 39, 59.9 వేస్తే 48. కిడ్నీని బట్టి డోసు తగ్గించే మందుల్లో చాలావాటికి 60, 50, 30 లాంటి గీతలు ఉంటాయి. 63 అంటే మామూలు డోసు, 39 అంటే తగ్గించిన డోసు. లావుగా ఉన్నవాళ్లకు ఇందులో అడ్జస్టెడ్ వాడటం ఎక్కువగా కనిపిస్తుంది. రిపోర్ట్‌లో క్లియరెన్స్ రాసేటప్పుడు ఏ బరువుతో కట్టారో పక్కన లేకపోతే ఆ అంకెను నమ్మడం కష్టం.

పరీక్షకు చదివేవాళ్లకు

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కైనా, గల్ఫ్ లైసెన్స్ పరీక్షలకైనా లెక్క ఇదే. విదేశీ పరీక్షల్లో బరువు పౌండ్లలో ఇవ్వొచ్చు, ముందు 2.2తో భాగించి కిలోల్లోకి తేవాలి. ఒకటి చేసి చూడండి: స్త్రీ, 5 అడుగుల 4 అంగుళాలు, 198 పౌండ్లు. 198 ÷ 2.2 = 90 కిలోలు. ఐడియల్ 45.5 + 9.2 = 54.7. అదనం 35.3, దాన్ని 0.4తో గుణిస్తే 14.12. అడ్జస్టెడ్ 68.8 కిలోలు. ఆప్షన్లలో 50తో మొదలుపెడితే వచ్చే జవాబు, అంటే మగవాళ్ల ఫార్ములా జవాబు కూడా ఉండే అవకాశం ఉంది. ప్రశ్నలో ఆడా మగా అన్నది ముందు గుర్తు పెట్టుకుని గీత గీసుకోండి.

చార్ట్‌లో రాయడం, డాక్టర్‌కు చెప్పడం

ఏ బరువు వాడాలో తేల్చేది డాక్టర్. అంకెలు సిద్ధం చేసి, తేడా కనిపిస్తే అడగాల్సింది మనం. చార్ట్‌లో ఎత్తు ఎంత, ఎలా తీశారు, బరువు ఎంత, తూచిందా చెప్పిందా, ఐడియల్, అడ్జస్టెడ్, డోసు దేనికి కట్టారు, ఇవన్నీ ఒకే లైన్‌లో ఉండాలి. తర్వాతి షిఫ్ట్ సిస్టర్ మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టే పని ఉండకూడదు.

ఫోన్‌లో అడగాల్సి వస్తే చుట్టు తిప్పి చెప్పొద్దు. ఇలా చెప్పొచ్చు: "సార్, ఫిమేల్ మెడికల్ వార్డు నుంచి. ఆరో బెడ్ పేషెంట్ 155 సెంటీమీటర్లు, ఇవాళ తూస్తే 78 కిలోలు. ఐడియల్ 47.9, అడ్జస్టెడ్ 59.9. జెంటా కిలోకు ఐదు అని రాశారు. యాక్చువల్‌కైతే 390, అడ్జస్టెడ్‌కైతే 300 వస్తుంది. క్రియాటినిన్ 1.2 ఉంది. ఏది లోడ్ చేయమంటారు?" ఆయన చెప్పిన డోసును తిరిగి చదివి వినిపించి, టైము, డాక్టర్ పేరు రాసి, రౌండ్స్‌కు వచ్చినప్పుడు సంతకం పెట్టించుకోండి.